పిలుపు మలుపులో బొంతయ్య బండి

మసకకోన అనే అడవిలో ఏడాది పొడుగునా మంచే. పొద్దెక్కినా చెట్ల మొదళ్ళు కనిపించేవి కావు. ముందు నడిచేవాడి తోక వెనక నడిచేవాడికి కనిపించిందంటే ఆ రోజు ఎండ బాగా కాసినట్టు లెక్క. ఆ అడవిలో కొండ మీద దుప్పులు, కొండ కింద కుందేళ్ళు, నడుమ కొండముచ్చులు, ముంగిసలు, ఉడుతలు ఎవరి కాపురం వాళ్ళు చేసుకుంటూ ఉండేవి.

కొండ కింద ఉప్పు దొరికేది. కొండ మీద ఇప్పచెట్లు ఉండేవి. కిందివాళ్ళకు పైది కావాలి, పైవాళ్ళకు కిందిది కావాలి. అందుకని ఆ అడవిలో రెండు బండ్లు తిరిగేవి.

ఒకటి బొంతయ్య అనే ఎలుగుబంటిది. దాన్ని కొమ్మయ్య అనే అడవిదున్న లాగేవాడు. రెండోది అలుగమ్మది. అలుగు అంటే తెలుసు కదా, ఒళ్ళంతా పెంకులుండి, భయం వేస్తే బంతిలా చుట్టుకుపోయే జంతువు. ఆమె బండిని ఒక ముసలి మనుబోతు, అదే నీల్గాయి, లాగేది. ఎవరు ఏం మోయించుకున్నా కిరాయి కింద ఇప్పపువ్వు ఇచ్చేవారు. చిన్న మూటకు గుప్పెడు, పెద్ద బరువుకు గంపెడు.

కొండ ఎక్కే దారికి ఏడు మలుపులు. ఆరింటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. అయిదోదాని పేరు పిలుపు మలుపు.

అక్కడ ఒక పక్క నల్లటి బండరాయి, ఇంకో పక్క లోయ. ఆ లోయ అడుగు ఎవరూ చూడలేదు. రాయి విసిరితే కింద పడిన చప్పుడు వినిపించేది కాదు. మంచు దట్టంగా ఉన్న పూట బండి ఆ మలుపు ఎక్కుతుంటే, లోయ వైపు నుంచి ఒక గొంతు పిలిచేది.

"బండీ... ఓ బండీ... ఒక్క నిమిషం."

అంతే. అంతకు మించి ఏమీ అనేది కాదు. ఆ గొంతు దుమ్మన్నదని అందరూ అనుకునేవారు. దుమ్మన్న ఒక దుమ్ములగొండి. రెండేళ్ళ క్రితం బండితో సహా ఆ లోయలో పడిపోయాడు. అయితే దుమ్మన్న బతికున్న రోజుల్లో కూడా ఆ మలుపు పిలిచేదని, అప్పుడు వేరే ఎవరి గొంతో ఉండేదని ముసలి తాబేళ్ళు చెప్పేవి. ఆ మాట వినగానే పిల్ల జంతువులు తల్లుల పొట్ట కిందికి దూరేవి.

బొంతయ్యకు ఒక గర్వం ఉండేది. తన బండి ఎవరినీ కాదనదని. బండి వెనక చెక్క మీద ఎర్రమట్టితో పెద్ద అక్షరాలు రాయించాడు: "పిలిస్తే ఆగే బండి". చుట్టూ పువ్వులు, రెండు నెమళ్ళు వేయించాడు. నొగలకు, అంటే బండి ముందుకు చాచి ఉండే కర్రలకు, పద్నాలుగు గంటలు కట్టాడు. ఆ గంటల మోత మంచులో ఎంత దూరమైనా వినిపించేది. వినగానే అందరికీ ఏదో ఒక పని గుర్తుకొచ్చేది.

"బొంతయ్య మామా, ఆ చెట్టు దాకా ఎక్కించుకో, కాలు నొప్పి" అనేది కొండముచ్చు. దాని కాలికి ఏమీ కాలేదు.

"బొంతయ్య మామా, మా అత్తకు ఈ నాలుగు కాయలు ఇచ్చిపో" అనేది ఉడుత. ఆ అత్త ఉండేది పక్క కొమ్మ మీదే.

బొంతయ్య ఆగేవాడు. గుప్పెడు ఇప్పపువ్వు పుచ్చుకుని నోట్లో వేసుకుని మళ్ళీ బండి నడిపేవాడు. మళ్ళీ పది అడుగులకే ఇంకో కేక. పొద్దున బయలుదేరిన బండి మధ్యాహ్నానికి రెండో మలుపు చేరేది. ఒక్కోరోజు మూడోది. పొద్దు వాలేసరికి బొంతయ్య నడుం పట్టుకుని కూలబడేవాడు.

"చూశావా కొమ్మయ్యా, ఊపిరి తీసుకునే తీరిక లేదు. మన బండికి ఎంత గిరాకీనో!"

పగలంతా ఆగి, లాగి, ఆగి, లాగి కొమ్మయ్య మెడ మీద కాడి ఒరిసి పుండు పడింది. తెచ్చిన ఇప్పపువ్వు చూస్తే గంపలో అడుగు కూడా నిండేది కాదు.

ఒకరోజు కొమ్మయ్య ఉండబట్టలేక అడిగాడు.

"అన్నా, ఎడమ చక్రం చీల అరిగిపోయింది. గుచ్చితే నిలవడం లేదు. చండ్రకర్రతో కొత్తది చెక్కుదాం."

చీల అంటే ఇరుసు చివర గుచ్చే మేకు లాంటి ముక్క. అదుంటేనే చక్రం ఊడిపోకుండా ఉంటుంది. చేతి వేలంత ఉంటుంది. చెక్కడానికి మాత్రం ఒక పూట పడుతుంది.

"చెక్కుదాంలే రా. రేపు కాస్త ఖాళీ దొరుకుతుంది" అన్నాడు బొంతయ్య.

ఆ రేపు వచ్చింది, పోయింది. దాని వెనక చాలా రేపులు వచ్చాయి, పోయాయి. చీల మాత్రం ఏమీ అనలేదు. కొండముచ్చులా కేకలు వేయలేదు, ఉడుతలా ఏడవలేదు. నోరు మూసుకుని రోజుకు కాస్త చొప్పున అరిగిపోతూ ఉండేది.

అలుగమ్మ తీరు వేరు. ఆమె బండికి ఒక్క గంట కూడా లేదు. వెనక చెక్క మీద రాతలూ లేవు. ఆమెకు ఒక అలవాటు ఉండేది. పొద్దున్నే ఒక నల్లరాయి తెచ్చి, బండి మీద తాను కూర్చునే చోట పెట్టేది. "ఈ రోజు ఏ పని చేయకపోతే రేపు నా బండి కదలదు?" అని తనను తానే అడిగేది. ఆ పని అయ్యేదాకా రాయి తీసేది కాదు. రాయి తీయనిదే కూర్చోవడానికి చోటు ఉండేది కాదు. ఒకరోజు ఆ పని ఇరుసుకు కందెన వేయడం. ఒకరోజు మనుబోతు గిట్ట చూడటం. ఒకరోజు పెద్ద బరువు చెప్పినవాళ్ళకు మాట ఇచ్చిన వేళకు చేర్చడం.

ఆ పని కాకముందు ఎవరు పిలిచినా, "సాయంత్రం వస్తాను" అనేది. చాలామందికి సాయంత్రానికి ఆ పనే గుర్తుండేది కాదు. దాంతో ఆమెకు పొగరని పేరొచ్చింది.

బొంతయ్య కూడా ఆమెను ఆటపట్టించేవాడు. వాళ్ళిద్దరూ ఒకే గుట్ట కింద పెరిగారు. ఆమెను అక్కా అని పిలిచేవాడు.

"ఏం అక్కా, రాయికి పూజ అయిందా? నువ్వు రాయి దించేలోపు నేను పది బేరాలు చేసుకొచ్చాను."

"పది బేరాలకూ ఎంత పువ్వు వచ్చింది తమ్ముడూ?"

బొంతయ్య మాట మార్చాడు. "అది సరే గానీ, పిలుపు మలుపులో ఆ గొంతు పిలిస్తే నువ్వు ఒక్కసారి కూడా ఆగవట. పాపం, ఎవరో ఏ కష్టంలో ఉన్నారో! రేపు నేను ఆగి చూద్దామనుకుంటున్నాను."

అలుగమ్మ ముఖం మారిపోయింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"నేనూ ఆగాను బొంతయ్యా. పని అంతా అయ్యాక, బండి ఇంట్లో విడిచి, నడిచి వెళ్ళాను. 'ఇప్పుడు తీరికే, ఏం కావాలో చెప్పు' అని అడిగాను. ఎంతసేపు నిలబడినా ఎవరూ పలకలేదు. మర్నాడు బరువుతో వెళ్తుంటే మళ్ళీ పిలిచింది. దానికి కావలసింది సాయం కాదు. మనం ఆగడమే దానికి కావాలి. నువ్వు మాత్రం ఆగకు. నా మీద ఒట్టు."

బొంతయ్య గట్టిగా నవ్వేశాడు. కానీ అతని వీపు మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అది కొమ్మయ్య చూశాడు.

అలా ఉండగా ఎండాకాలం చివర్లో దుప్పుల పెద్ద చుక్కమ్మ కొండ దిగి వచ్చింది. ఆమె రెండు బండ్లవాళ్ళనూ పిలిచి కూర్చోబెట్టింది.

"మా మందలో ఆడవాళ్ళందరూ ఈనే రోజులు. ఉప్పు లేకపోతే తల్లులకు పాలు పడవు. పోయినేడు ఉప్పు అందక పదకొండు పిల్లలు పోయాయి. వాటిని నా కళ్ళతో చూశాను" అంది.

"ముప్పై బస్తాలు కావాలి. మీరు చెరి పదిహేను తీసుకోండి. తొలకరి పడేలోపు పైకి చేరాలి. చినుకు పడిందంటే ఉప్పు కరిగిపోతుంది. గాలి చూస్తే మూడు రోజుల్లో వాన వచ్చేలా ఉంది. మాట నిలబెట్టుకున్నవాళ్ళకు ఏడాదంతా మా మంద పని ఇస్తాను. ఇప్పచెట్ల కింద రాలిన పువ్వంతా వాళ్ళదే."

బొంతయ్య కళ్ళు మెరిశాయి. "నాకు వదిలెయ్యి చుక్కమ్మత్తా! పిలిస్తే ఆగే బండి నాది."

"నాకు ఆగే బండి వద్దు నాయనా, చేరే బండి కావాలి" అంది చుక్కమ్మ.

ఆ పూటే అలుగమ్మ తన సీటు మీద నల్లరాయి పెట్టింది. చండ్రకర్ర తెచ్చి కొత్త చీలలు చెక్కింది. రెండు గుచ్చి, ఒకటి ఎందుకైనా మంచిదని పక్కన పెట్టుకుంది. బస్తాల మీద కప్పడానికి మోదుగాకులు వెడల్పుగా కుట్టింది. రెండో రోజు పొద్దున్నే పదిహేను బస్తాలు వేసుకుని బయలుదేరింది. దారిలో కుందేలు పిలిచింది, ముంగిస పిలిచింది. "సాయంత్రం" అంటూనే సాగిపోయింది. పిలుపు మలుపు కూడా పిలిచింది. ఆమె తల తిప్పలేదు. పొద్దు వాలకముందే ఉప్పు చుక్కమ్మ ముందు దించి, ఆ రాత్రికి కొండ మీదే ఆగిపోయింది.

మరి బొంతయ్య? మొదటి రోజు కొండముచ్చుల పెళ్ళికి అరటి ఆకులు మోశాడు. పెళ్ళిలో బండిని అందరూ మెచ్చుకుంటుంటే అక్కడే ఉండిపోయాడు. రెండో రోజు వెనక చెక్క మీద ఒక నెమలికి తోక వెలిసిపోయిందని మళ్ళీ రంగు వేయించాడు. ఆ రంగు ఆరేదాకా బస్తాలు ఎక్కించనివ్వలేదు.

"అన్నా, ఉప్పు" అన్నాడు కొమ్మయ్య.

"ఇంకా ఒక రోజుంది కదా!"

"అన్నా, చీల."

"నీకు ఆ చీల గోల తప్ప ఇంకేం లేదా? తీగతో గట్టిగా కట్టు. ఈ ఒక్కసారికి చాలు."

మూడో రోజు పొద్దున మంచు ఎప్పటికన్నా చిక్కగా దిగింది. తెల్లగా లేదు, బూడిద రంగులో ఉంది. పక్షులు కూయలేదు. గాలి తడివాసన కొట్టింది. బొంతయ్య హడావిడిగా పదిహేను బస్తాలు వేసుకుని బయలుదేరాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. ఆ రోజు ఎవరూ పిలవలేదు. వాన భయానికి అందరూ గూళ్ళలో దాక్కున్నారు. ఒక్క కేకైనా వినిపించని దారి బొంతయ్యకు కొత్తగా, బెరుకుగా అనిపించింది.

నాలుగో మలుపులో కొండ దిగి వస్తున్న అలుగమ్మ ఎదురైంది. చక్రం ఊగుతున్న చప్పుడు ఆమెకు దూరం నుంచే తెలిసిపోయింది.

"తమ్ముడూ, బండి ఆపు. చక్రం అడ్డంగా ఆడుతోంది."

"ఇప్పుడు ఆగే తీరిక లేదక్కా, వాన వచ్చేస్తోంది."

"నా దగ్గర కొత్త చీల ఉంది. గుచ్చుకోవడానికి కాసేపు పడుతుంది. అంతే."

"పైకి వెళ్ళాక గుచ్చుకుంటాలే."

అలుగమ్మ చీల తీసుకెళ్ళి, తన నల్లరాయిని పెట్టినట్టే, బొంతయ్య కూర్చునే చోట పెట్టింది. "దీన్ని తీసి పక్కన పెట్టి కూర్చోకు. గుచ్చాకే కూర్చో" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బొంతయ్య సరేనన్నాడు. ఆమె బండి మంచులో కనిపించకుండా పోగానే చీలను తీసి బస్తాల సందున పడేసి, కూర్చున్నాడు.

పిలుపు మలుపు వచ్చింది. అక్కడికి చేరగానే పద్నాలుగు గంటలూ ఒక్కసారిగా మూగబోయాయి. బండి కదులుతూనే ఉంది, గంటలు ఊగుతూనే ఉన్నాయి, చప్పుడు మాత్రం లేదు. కొమ్మయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"బండీ... ఓ బండీ... ఒక్క నిమిషం."

"అన్నా, విననట్టు ఉండు. నేను లాగేస్తాను" అన్నాడు కొమ్మయ్య.

బొంతయ్య కళ్ళు మూసుకున్నాడు. బండి మూడు అడుగులు సాగింది. అప్పుడు ఆ గొంతు అతన్ని పేరు పెట్టి పిలిచింది.

"బొంతయ్యా... పిలిస్తే ఆగే బండి నీదే కదా?"

అంత ముద్దుగా, అంత గౌరవంగా అతన్ని ఎవరూ పిలవలేదు. పొద్దున్నుంచి ఒక్క కేకైనా వినని చెవులు కదా, ఆ మాటకు కరిగిపోయాయి. బొంతయ్య దిగాడు.

"చక్రానికి రాయి అడ్డం పెట్టు అన్నా!" అని అరిచాడు కొమ్మయ్య.

"ఒక్క నిమిషమే కదా. పట్టుకుని ఉండు" అంటూ బొంతయ్య మంచులోకి నడిచాడు.

"ఎవరది? ఏం కావాలి?"

"ఇటు... ఇంకొక్క అడుగు..."

అతను అడుగు వేస్తే గొంతు ఇంకో అడుగు వెనక్కి జరిగింది. మంచులో ఏవో బండి చక్రాలు నిలబడి ఉన్నట్టు కనిపించాయి. ఒకటి కాదు, చాలా ఉన్నాయి. నాచు పట్టి, ఆకులు మొలిచి, వరసగా ఉన్నాయి. వాటి మధ్య ఎవరూ లేరు. గొంతు మాత్రం ఉంది. ఆ గొంతుకు నోరు లేదని బొంతయ్యకు అప్పుడు తెలిసింది.

సరిగ్గా అప్పుడే వెనక టప్పుమని తీగ తెగింది.

చీల ఊడింది. ఎడమ చక్రం ఒరిగి దొర్లిపోయింది. పదిహేను బస్తాల బరువు లోయ వైపు వాలింది. కొమ్మయ్య నాలుగు గిట్టలూ నేలలో దింపి బిగబట్టాడు. మెడ పుండు పగిలి నెత్తురు కారింది. బండి అతన్ని కూడా జానెడు జానెడు లాక్కుపోతోంది.

"అన్నా!"

బొంతయ్య పరుగెత్తుకొచ్చాడు. ఒక పక్క ఉప్పు, ఒక పక్క రంగులేసిన బండి, ఒక పక్క కొమ్మయ్య. మూడూ జారిపోతున్నాయి. చేతులు రెండే ఉన్నాయి. బొంతయ్య బండిని చూడలేదు, ఉప్పును చూడలేదు. కాడికి కట్టిన పలుపుతాడును గోళ్ళతో ఒక్క పెట్టున కోసేశాడు. కొమ్మయ్య బండరాయి వైపు పడ్డాడు. విడిపోయిన నొగ తిరగబడి బొంతయ్యను కొట్టింది. బండీ బొంతయ్యా కలిసి మంచులోకి వెళ్ళిపోయారు.

బొంతయ్య తన జన్మలో ముఖ్యమైన పనిని అన్నిటికన్నా ముందు చేసింది ఆ ఒక్కసారే. ఆ ఒక్కసారికే ఒక ప్రాణం నిలిచింది.

అప్పుడు గంటలు మోగాయి. కిందికి, ఇంకా కిందికి, ఇంకా కిందికి మోగుతూ పోయాయి. నేలకు తగిలిన చప్పుడు మాత్రం ఎవరికీ వినిపించలేదు.

ఆ గంటలు విని అలుగమ్మ బండి తిప్పుకుని వచ్చింది. దారి మీద నెత్తుటి మెడతో నిలబడిన కొమ్మయ్య ఏడుస్తూ జరిగిందంతా చెప్పాడు. అతని గిట్టల దగ్గర చండ్రకర్ర చీల పడి ఉంది. కొత్తగా, ఒక్క గీత కూడా పడకుండా ఉంది.

ఆమె దాన్ని తీసి గుండెకు హత్తుకుంది. లోయ అంచున నిలబడి పేరు పెట్టి పిలిచింది. గొంతు పోయేదాకా పిలిచింది. ఎవరూ పలకలేదు. అంతలో ఒక చినుకు ఆమె ముక్కు మీద పడింది.

ఆమె కళ్ళు తుడుచుకుంది.

"కొమ్మయ్యా, ఇంకా పదిహేను బస్తాలు చేరాలి. తల్లులు ఎదురుచూస్తున్నారు. నడవగలవా?"

"కట్టమ్మా. మెడకు కాదు, ఛాతీకి కట్టు. లాగుతాను."

ఇద్దరూ కిందికి పరుగెత్తారు. పదిహేను బస్తాలు వేశారు. మోదుగాకులు రెండు వరసలు కప్పారు. మనుబోతు, కొమ్మయ్య కలిసి లాగుతుంటే బండి ఎన్నడూ లేనంత వేగంగా ఎక్కింది. వాన ఇంకా ఊగిసలాడుతోంది. ఆకుల మీద అక్కడొక చినుకు, ఇక్కడొక చినుకు పడుతోంది. ఇంకాసేపు ఆగితే ఉప్పంతా నీళ్ళే.

పిలుపు మలుపు వచ్చింది.

"అక్కా..."

కొమ్మయ్య కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. ఆ గొంతు దుమ్మన్నది కాదు. ఆ బొంగురు, ఆ సాగదీత వాళ్ళిద్దరికీ బాగా తెలుసు.

"అక్కా... ఒక్క నిమిషం."

"అన్న పిలుస్తున్నాడమ్మా!" అన్నాడు కొమ్మయ్య. "బతికే ఉన్నాడు. ఆగుదాం."

అలుగమ్మ ఒళ్ళు బంతిలా చుట్టుకుపోబోయింది. బలవంతాన నిలబడింది. ఆమె పెంకులన్నీ గలగల వణికాయి.

"బతికుంటే 'కొమ్మయ్య బాగున్నాడా' అని మొదట అడిగేవాడు. చివరికి వాడు ఆగింది నీ కోసమే. ఇది వాడు కాదు. నడువు" అంది. అంటూనే ఏడ్చింది.

కొమ్మయ్య నడిచాడు. వెనక నుంచి పిలుపు వస్తూనే ఉంది. ఒకసారి కోపంగా, ఒకసారి జాలిగా, ఒకసారి చిన్నప్పటి బొంతయ్యలా వచ్చింది. వాళ్ళు తల తిప్పలేదు. చివరి బస్తా దుప్పుల గుహలో దించిన తర్వాత ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది.

ఆ ఏడు మందలో ఒక్క పిల్ల కూడా పోలేదు.

చుక్కమ్మ మాట తప్పలేదు. ఏడాది పని, ఇప్పచెట్ల పువ్వు అలుగమ్మకే ఇచ్చింది. అలుగమ్మ ఇంకో బండి కట్టించి కొమ్మయ్యకు అప్పజెప్పింది. రెండు బండ్లూ ఉప్పుతో ఎక్కి, ఇప్పపువ్వుతో దిగేవి. ఖాళీ ప్రయాణం లేదు. కొమ్మయ్య మెడ పుండు మానింది. అతను కూడా రోజూ పొద్దున్నే ముందు చెక్క మీద ఒక వస్తువు పెట్టుకునేవాడు. రాయి కాదు, ఆ చండ్రకర్ర చీల.

వానలు వెలిశాక ఒక సాయంత్రం, పనులన్నీ అయ్యాక, ఇద్దరూ బండ్లు విప్పేసి నడిచి పిలుపు మలుపుకు వెళ్ళారు. అలుగమ్మ దోసెడు ఇప్పపువ్వు అంచున పెట్టింది.

"తమ్ముడూ, ఇప్పుడు తీరికే. ఎంతసేపైనా ఉంటాను. చెప్పు."

మంచు కదలలేదు. ఆకు కదలలేదు. చీకటి పడేదాకా కూర్చున్నారు. ఎవరూ పలకలేదు.

మర్నాడు పొద్దున బరువుతో ఎక్కుతుంటే మాత్రం ఆ గొంతు మళ్ళీ వినిపించింది.

"అక్కా... ఒక్క నిమిషం."

నీతి: ముఖ్యమైన పని కేక వేసి పిలవదు, మనమే దాన్ని గుర్తుపెట్టుకుని ముందు చేయాలి, కేక వేసిన ప్రతిదానికీ ఆగేవాడి బండి ఎక్కడికీ చేరదు.